పరీక్షార్థ తొలగింపు

మా కేంద్రంలో ఏం తయారవుతుందో నాకు తెలియదు. తెలిస్తే నన్ను ఉద్యోగంలో ఉండనిచ్చేవారు కాదు. హైదరాబాదు శివార్లలో ఎత్తయిన గోడ, దాని మీద ముళ్లతీగ, గేటు మీద 'ప్రత్యేక పదార్థాల కేంద్రం' అని బోర్డు. ఏ పదార్థమని ఆటోవాళ్లు అడిగితే మావాళ్లు నోటికొచ్చింది చెబుతారు. నేను భద్రతా విభాగంలో సూపరింటెండెంటుని, పేరు మాణిక్‌రావు. లోపలికి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో తేల్చే ఫైళ్లు మోసేది నేను. తేల్చేది మా ముఖ్య భద్రతాధికారి శేషావతారం గారు.

శేషావతారం గారు నిజాయితీపరుడు. మా కష్టమంతా అక్కడే ఉంది. లంచం తినే మనిషైతే ఎక్కడో ఒకచోట ఆగేవాడు. ఈయన ఆగడు. ఒకసారి తన సొంత గుర్తింపు కార్డు ఇంట్లో మరిచిపోయి వస్తే, తనను లోపలికి రానిచ్చిన గార్డుకి తనే మెమో ఇచ్చాడు.

మూడో గేటు దాటాక మాకొక డిస్పెన్సరీ ఉంది. మంచాలున్నాయి, ఫ్రిజ్ ఉంది, గోడ మీద గుండె బొమ్మ ఉంది. నర్సు లేదు. పాత నర్సు రిటైరయ్యాక ఆ పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. చివరికి పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి, మాదాసు సువార్త అనే ఆవిడను ఎంపిక చేశారు. మహబూబాబాద్ దగ్గరి మనిషి, నలభైకి దగ్గరపడిన వయసు, ఇంటర్ చదివే కూతురు. ఇక భద్రతా అనుమతి ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అదే వారం ఢిల్లీ నుంచి సర్క్యులర్ దిగింది. 'ఇదివరలో ఏ ఉద్యోగము నుండియైనను తొలగింపబడిన వ్యక్తిని, సదరు తొలగింపు యొక్క స్వభావమును పూర్వపు యజమాని ద్వారా నిర్ధారించుకొననిదే, కేంద్రములోనికి అనుమతింపరాదు.' ఉద్యోగం ఊడినవాడికి లోకం మీద కడుపుమంట ఉంటుందట. మంట ఉన్నవాడు రహస్యాలు అమ్ముకుంటాడట.

దరఖాస్తులో ఒక గడి ఉంది: 'ఎప్పుడైనా తొలగింపబడ్డారా?' నా సర్వీసులో కొన్ని వందలమంది ఆ గడి నింపడం చూశాను. అందరూ 'లేదు' అనే రాశారు, మేమూ అందర్నీ నమ్మేశాం. నమ్మడానికి ఖర్చు లేదు, విచారణకి వెళ్తే టి.ఏ. బిల్లు పాసవ్వాలి. సువార్త మాత్రం 'అవును, మూడుసార్లు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

"ఏంది సిస్టర్, గిట్ల రాసినవ్?" అన్నాను.

"అడిగిండ్రు గదా సార్."

"అడుగుతరు. అడిగిందల్లా చెప్తరా?"

"కింద 'పైన చెప్పినదంతా నిజం' అని నాతోనే సంతకం పెట్టించిండ్రు గద సార్. అబద్ధం రాసి గట్ల సంతకమెట్ల పెడత?"

ఫైలు పట్టుకుని శేషావతారం గారి గదికి వెళ్లాను. ఆయన ఆ గడి చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పెళ్లిచూపుల్లో కూడా ఆ మనిషి అంత సంబరపడి ఉండడు.

"మాణిక్‌రావ్, ఈ నిబంధన వచ్చిన వారంలోనే మనకు లక్ష్యం లభించింది. అభ్యర్థినిని పిలిపించండి."

సువార్త వచ్చి నిలబడింది. మొదటి ఉద్యోగం హన్మకొండలో ఒక నర్సింగ్ హోమ్. ఒక పేషెంటు అడిగితే, నీకు ఆపరేషన్ అక్కర్లేదు, అరటిపండు తిని నీళ్లు తాగమని చెప్పింది. వాడు అలాగే చేసి బాగుపడ్డాడు. డాక్టరు ఆమెను తీసేశాడు.

"సంస్థ యొక్క ఆంతరంగిక సమాచారమును బయటి వ్యక్తికి వెల్లడించుట," అని శేషావతారం గారు నాతో రాయించాడు. "రెండవది?"

రెండోది ఒక పెద్దాసుపత్రి. వార్డులో దుప్పట్లు మాయమయ్యాయి. ఎవరు తీశారో ఈమెకు తెలుసు. ఆయా తీసింది, చలికాలం, ఇంట్లో చంటిపిల్ల. అడిగితే ఈమె నోరు విప్పలేదు. ఆయా బతికిపోయింది, ఈమె ఉద్యోగం పోయింది.

"సమాచారమును దాచుట. మూడవది?"

"మూడోది దవాఖానే మూసేసిండ్రు సార్. అందరినీ తీసేసిండ్రు. ఇప్పుడది ఫంక్షన్ హాల్."

శేషావతారం గారు తనే పెన్ను తీసి ఆ మాట కింద గీత గీశాడు. "ఈమె చేరిన సంస్థ అంతరించినది. విధ్వంస కోణం పరిశీలించవలెను. అమ్మా, మీ చరిత్ర అసాధారణంగా ఉంది. చెప్పకూడని చోట చెప్పారు, చెప్పవలసిన చోట దాచారు, రెండూ చేయని చోట భవనమే పోయింది."

"నేనేం తప్పు చేయలె సార్."

"తొలగింపబడిన వారందరూ అదే అంటారు. అది కూడా రాయండి, మాణిక్‌రావ్."

నిర్ధారణ పూర్తయ్యేదాకా ఆమెను లోపలికి రానివ్వకూడదు. కానీ నర్సు కావాలి. మా పెద్దాఫీసర్లలో సగంమందికి షుగరు, మిగతా సగానికి నడుంనొప్పి. అందుకని శేషావతారం గారే ఒక మార్గం కనిపెట్టాడు. మొదటి గేటు పక్కన సందర్శకులకు చీటీలిచ్చే చిన్న కిటికీ ఉంది. సువార్తను రోజుకూలీ మీద ఆ కిటికీకి బయట స్టూలు వేసి కూర్చోబెట్టారు. పేషెంటు లోపలే ఉంటాడు, నర్సు బయటే ఉంటుంది, సూది మాత్రం సరిహద్దు దాటుతుంది. సూదికి అనుమతి అక్కర్లేదని ఆయన ఫైల్లో ప్రత్యేకంగా నోట్ పెట్టాడు.

చేతికి వేసే సూదులతో ఇబ్బంది లేదు. నడుముకి వేసేవాటితోనే వచ్చింది చిక్కు. కిటికీ ఎత్తు ఎక్కువ. జాయింట్ డైరెక్టర్ స్థాయి మనుషులు చెక్కపీట ఎక్కి, అటు తిరిగి, కిటికీకి వెనుక భాగం ఆనించి నిలబడాల్సి వచ్చేది. బయట బస్టాపు. బస్సు కోసం నిలబడ్డ జనం మా కేంద్రం గురించి అంతవరకు వినని రహస్యాలు అక్కడ కళ్లారా చూశారు.

ఆమె పాత యజమానుల దగ్గరికి నన్నే పంపారు. హన్మకొండ డాక్టరు నాకు టీ ఇప్పించాడు.

"తీసేసిన మాట నిజమే. ఆమె ఉన్నన్ని రోజులు నాకు ఆపరేషన్లు తగ్గినయ్. మనిషి మాత్రం బంగారం. మా అమ్మకు బాగలేకుంటే ఇప్పటికీ ఆమెనే పిలిపిస్త," అని నవ్వుతూ కాగితం రాసిచ్చాడు. పెద్దాసుపత్రి మేట్రన్ కూడా మంచిగానే రాసింది. మూడోచోట పెళ్లి జరుగుతోంది. ఒకప్పటి ఆసుపత్రి మేనేజరు ఇప్పుడు వడ్డన చూసుకుంటున్నాడు. కాగితం అడిగితే నన్ను కూర్చోబెట్టి భోజనం పెట్టించి, ఫంక్షన్ హాల్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు. దాని మీద రెండు ఏనుగులు పూలదండలు పట్టుకుని ఉన్నాయి.

మూడు కాగితాలూ తెచ్చి శేషావతారం గారి ముందు పెట్టాను. ఇక సువార్తకు అనుమతి వచ్చేసినట్టేననుకున్నాను.

"ముగ్గురూ పొగిడారు," అన్నాడాయన.

"అవును సార్. మంచిదే కదా."

"తొలగించినవాడు పొగడటమేమిటి? తిడితే కారణముంది. పొగిడితే ఏదో ఉంది. ఉంచండి, పెండింగులో."

ఆ పెండింగుతో నాకే కడుపు మండింది. మార్చి నెలాఖరుకి ఆ ఎంపిక జాబితా రద్దవుతుంది. అప్పటికి ఆమెకు సర్కారు ఉద్యోగ వయసు కూడా దాటుతుంది. "ఇది పోతే మళ్ల కొలువు రాదు సార్, బిడ్డ ఫీజుకు మళ్ల ఏ నర్సింగ్ హోమ్ గడప తొక్కాల్నో," అని ఆమె నాతో రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు, నేనే తప్పించుకు తిరిగాను.

ఒకరోజు మా డైరెక్టరు గారు నడుంనొప్పితో కిటికీ దగ్గరికి వచ్చారు. ఆయన పెద్ద శాస్త్రవేత్త, మాట తక్కువ, 'చూడండి' అనే ముక్క మీద సంస్థ నడిపేవారు. పీట ఎక్కి అటు తిరిగి నిలబడ్డారు. పక్కనే శేషావతారం గారు, ఫైలు పట్టుకుని నేను. సువార్త సూది గుచ్చి, మందు నెమ్మదిగా ఎక్కిస్తూ అడిగింది:

"శేషావతారం సార్, ఒక మాట. మిమ్ముల ఎప్పుడన్నా కొలువుల నుంచి తీసేసిండ్రా?"

"నన్నా? ముప్పైయేళ్ల నిష్కళంక సర్వీసు!"

"అంటే తీసేస్తే మీరెట్లుంటరో ఎవలకూ తెల్వదు. నన్ను మూడుసార్లు తీసేసిండ్రు, నేనేం అమ్ముకోలె. నేనెట్లుంటనో తెలిసిపోయింది. మీరు ఎట్లుంటరో ఇంకా తెలియాలె గదా సార్?"

సూది ఇంకా లోపలే ఉంది కనుక డైరెక్టరు గారు కదలడానికి వీల్లేక మొత్తం విన్నారు. సూది తీశాక కూడా పీట దిగలేదు.

"చూడండి, శేషావతారం. ఆవిడ చెప్పింది తర్కబద్ధంగా ఉంది. మన సిబ్బంది ఎవరూ ఆ పరీక్షకు గురికాలేదు. ఒక ప్రయోగం చేసి చూస్తే?"

ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవారు. శేషావతారం గారి కళ్లు మాత్రం మెరిశాయి. మర్నాటికల్లా ఉత్తర్వు తయారైంది: 'సిబ్బంది విధేయతను శాస్త్రీయముగా నిర్ధారించు నిమిత్తము, విభాగములవారీగా ఒక్క దినము పరీక్షార్థము తొలగించి, ప్రవర్తనను పరిశీలించి, తిరిగి స్వీకరింపవలెను. ఇది పరీక్ష అగుటచే జీతము నిలుపబడదు.'

మొదట అకౌంట్సు విభాగాన్ని తొలగించారు. వాళ్లు మూకుమ్మడిగా సినిమాకి వెళ్లారు. 'సంస్థ పట్ల మమకార లోపం' అని నేను రాశాను. తర్వాత స్టోర్సు. అందులో ఒకాయన భోరుమన్నాడు. 'ఉద్వేగపరమైన అస్థిరత.' ఒక సైంటిస్టుకి తను తొలగింపబడ్డట్టే తెలియదు, ఆయన నోటీసులు చదవడు. మామూలుగా పనికొచ్చి, లోపలికి అక్రమంగా చొరబడినందుకు గేటు దగ్గర పట్టుబడ్డాడు. నా వంతు వచ్చినరోజు ఇంటికి వెళ్లి మా ఆవిడకు సంగతి చెప్పాను.

"మంచిదాయె. బియ్యంల రాళ్లేరు," అని చేట నా ముందు పెట్టింది. నా ప్రవర్తన సంతృప్తికరం అని రిపోర్టు వచ్చింది, మా ఆవిడ గురించి ఏమీ రాయలేదు.

అసలు తమాషా మరునాడు మొదలైంది. మొదటి విడతలో పోయినవాళ్లందరం ఒకేసారి తిరిగి చేరడానికి వచ్చాం, దానికి కొత్తగా దరఖాస్తు నింపాలి. 'ఎప్పుడైనా తొలగింపబడ్డారా?' ఈసారి అందరం 'అవును' అనే రాయాలి, ఉత్తర్వు సాక్ష్యముంది. తొలగింపబడినవాడిని పూర్వపు యజమాని నిర్ధారించనిదే లోపలికి రానివ్వకూడదు. పూర్వపు యజమాని మేమే. నిర్ధారించవలసింది శేషావతారం గారు.

"నేను నిర్ధారించలేను," అన్నాడాయన గేటు లోపల నిలబడి. "నేను స్వయంగా పరీక్షకు గురికాలేదు. పరీక్షకు నిలబడనివాడు పరీక్షితులను నిర్ధారించడం న్యాయవిరుద్ధం."

ఇలా అకౌంట్సు వాళ్లు, స్టోర్సు వాళ్లు, నేను గేటు బయట నిలబడిపోయాం. జీతం మాత్రం పడుతోంది. లోపల పనిచేస్తున్నవాళ్లకు ఇది తెలిసి ఒళ్లు మండింది. మధ్యాహ్నానికి యూనియన్ మీటింగు. సాయంత్రానికి నినాదాలు: "వివక్ష నశించాలి! అందర్నీ తీసేయాలి!" సర్వీసులో నేను చాలా ధర్నాలు చూశాను, డిస్మిస్ చేయమని చేసిన ధర్నా అదొక్కటే. యాజమాన్యం దిగివచ్చి అందర్నీ తీసేసింది.

ఇక ఇద్దరు మిగిలారు. శేషావతారం గారిని డైరెక్టరు గారు తొలగించాలి, డైరెక్టరు గారిని ఢిల్లీ తొలగించాలి. అప్పుడు శేషావతారం గారికే గుర్తొచ్చింది, కేంద్రం లోపల ఎల్లవేళలా అనుమతి గల ఉద్యోగి ఒకరైనా ఉండి తీరాలని ఇంకో నిబంధన ఉంది. అనుమతి ఎవరికి ఇవ్వొచ్చు? తొలగింపుల స్వభావం పూర్వపు యజమానుల ద్వారా లిఖితపూర్వకంగా నిర్ధారణ అయిన మనిషి మొత్తం ఫైళ్లలో ఒక్కరే ఉన్నారు. హన్మకొండ డాక్టరు, మేట్రన్, రెండు ఏనుగులు.

శేషావతారం గారు అనుమతి మీద సంతకం పెట్టాడు. డైరెక్టరు గారు నియామకపు ఉత్తర్వు మీద పెట్టారు. తర్వాత డైరెక్టరు గారు శేషావతారం గారిని తొలగించి, ఢిల్లీ ఆమోదం వెనకే వస్తుందని తనను తానూ తొలగించుకున్నాక, ఇద్దరూ బ్యాగులు పట్టుకుని బయటికి వచ్చి మాలో కలిశారు. సువార్త స్టూలు చంకన పెట్టుకుని లోపలికి వెళ్లింది. ఇద్దరు కాంట్రాక్టు గార్డులు ఆమెకు సెల్యూట్ కొట్టారు.

ఆ తర్వాత రోజులు హాయిగానే గడిచాయి. ఢిల్లీ నిర్ణయం కోసం ఎదురుచూస్తూ రోజూ తొమ్మిదింటికి అందరం గేటు ముందుకొచ్చి, టిఫిను డబ్బాలు విప్పి, అయిదింటికి ఇళ్లకి వెళ్లేవాళ్లం. కేంద్రం ఉత్పత్తి ఏమైనా తగ్గిందా అంటే నేను చెప్పలేను, అది రహస్యం. డబ్బాల వాసనకి ఊరకుక్కలు చేరాయి. మొదట పెరుగన్నం పెట్టి మచ్చిక చేశాం. ఒకరోజు పూరీల దగ్గర తగాదా వచ్చి కుక్కలు ఒకదాన్నొకటి కరుచుకుంటూ మధ్యలో నిలబడ్డవాళ్లనూ కరిచాయి. డైరెక్టరు గారికి పిక్క మీద, శేషావతారం గారికి మడమ మీద, ఇంకా చాలామందికి ఎక్కడపడితే అక్కడ పళ్లు దిగాయి. నాకూ పడింది, ఎక్కడో చెప్పను.

సువార్త గేటు దగ్గరికి ఉరికి వచ్చింది. "అందరు నల్లా కాడికి రాండ్రి! సబ్బుతోటి మంచిగ కడగాలె, చానసేపు కడగాలె!" అని కేకలేసి, ఆఫీసర్లనీ అటెండర్లనీ ఒకే వరుసలో కూర్చోబెట్టి కాళ్లు కడిగించింది. బయటి ఆసుపత్రి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, డిస్పెన్సరీ ఫ్రిజ్‌లోంచి కుక్కకాటు మందు తెచ్చి కోర్సు మొదలుపెట్టింది. ఏ రోజు ఎవరికి సూదో ఆమెకు కంఠతా వచ్చు. ఎవరైనా ఆలస్యం చేస్తే ఇంటికి ఫోన్ చేసి భార్యలతో తిట్టించేది.

కోర్సు పూర్తికావస్తుండగా, మార్చి ముప్పై ఒకటో తేదీ పొద్దున ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. 'పరీక్షార్థ తొలగింపు అనునది నిబంధనలలో లేదు. సదరు ప్రయోగము జరుగనట్లుగను, ఆ కాలములో తీసుకొన్న ఏ చర్యయు తీసుకొననట్లుగను భావింపవలెను.'

చప్పట్లు, ఈలలు. తలుపులు తెరుచుకున్నాయి. అందరం దులుపుకుని లోపలికి నడిచాం. మా తొలగింపులు ఒక్క కాగితంతో గాలికి ఎగిరిపోయాయి, మా గడిలో మళ్లీ 'లేదు' వచ్చి కూర్చుంది. డిస్పెన్సరీ మెట్ల దగ్గర సువార్త నిలబడి ఉంది. శేషావతారం గారు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆ కాలంలో తీసుకున్న చర్యల్లో మీ నియామకం కూడా ఉంది. కనుక అది జరగలేదు. మీరు బయట కిటికీ దగ్గరికి వెళ్లాలి. అదీ ఈ సాయంత్రం వరకే, తర్వాత జాబితా రద్దవుతుంది."

"మీ అందరివీ పోయినయ్ గదా సార్. నావి మూడు గూడ పోతయా?"

"మీవి నిజమైన తొలగింపులు కదమ్మా. అవి ఎలా పోతాయి?" ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "ఒక్క విషయంలో సంతోషించండి. మీరసలు చేరనే లేదు కాబట్టి ఇది తొలగింపు కిందికి రాదు. మీ ఖాతాలో మూడే ఉంటాయి, నాలుగు కావు."

నాకు ఆ మనిషిని ఆ మెట్ల మీదనే కూలదోయాలనిపించింది. సువార్త మాత్రం ఏడవలేదు. ఆమె తల పక్కకి వంచి ఏదో లెక్క చూసుకుంది.

"అయితే సార్, ఆ రోజుల్ల జరిగింది ఏదీ జరగలే."

"ఏదీ జరగలేదు."

"మీకిచ్చిన కుక్క సూదులు గూడ నేనియ్యలే."

చాలామంది చేతులు కుక్క కరిచిన చోటికి వెళ్లాయి. ఎవరో దగ్గారు.

"కుక్క కరిసింది మాత్రం కరిసింది, దానికి సర్క్యులర్ ఇయ్యలే," అందామె. "అందరు మొదటికెల్లి మళ్ల తీసుకోవాలె. రాండ్రి, కిటికీ కాడికి. సాయంత్రం దాక ఉంట. ఆ తర్వాత సూదులు ఇయ్యనీకి మీకు నర్సు ఉండదు, మీ ఇష్టం."

శేషావతారం గారు తలూపాడు. "సక్రమమైన వాదన," అని చొక్కా చెయ్యి మడవడం మొదలుపెట్టాడు. నేను చెప్పాను కదా, ఆయన ఆగడు.

డైరెక్టరు గారు మాత్రం భుజం తడుముకున్నారు. ఆయన వచ్చిన మూడేళ్లలో ఆ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "చూడండి! వైద్యపరమైన చర్యలు జరిగాయి! అవి జరిగినట్టే భావించాలి! మాణిక్‌రావ్, రాయండి!"

"వైద్యపరమైన చర్యలు జరిగితే వాటిని చేసిన నర్సు ఉండాలి కదా సార్?" అన్నాను, నా పెన్ను క్యాపు తీస్తూ.

"ఉంది!"

"నర్సు ఉంటే నియామకం ఉండాలి. నియామకానికి ముందు భద్రతా అనుమతి ఉండాలి."

"ఉన్నాయి, అన్నీ ఉన్నాయి! ఇటు తెండి!"

ఆయన నా వీపు మీద కాగితం పెట్టుకుని సంతకం చేశారు. సర్వీసులో నేను చేసిన పనికొచ్చే పని వంగి నిలబడటమే. సువార్త ఆ ఉత్తర్వును పూర్తిగా, కింది గీత దాకా చదివి, అప్పుడు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఫైలు ముగిస్తూ, అనుమతి ఎందుకిచ్చామో ఒక వాక్యం రాయాలి. ఆమె నమ్మదగిన మనిషని మేమెవరం ఎక్కడా తేల్చలేదు. 'సూదులు వేసినందున' అని రాశాను, శేషావతారం గారు చదివి తప్పు పట్టలేదు.

ఆయన మాత్రం ఢిల్లీ ఉత్తర్వుకి కట్టుబడి, తన వరకు మినహాయింపు అక్కర్లేదని లిఖితపూర్వకంగా తెలిపి, కుక్కకాటు కోర్సు మొదటినుంచి మళ్లీ వేయించుకుంటానని డిస్పెన్సరీకి వచ్చాడు. అక్కర్లేదు సార్ అని సువార్త చెప్పి చూసింది. ఆయన వినలేదు. ఆమె అరగంట ఫోన్‌లో అదే డాక్టరుని అడిగి, నష్టమేం లేదని తెలుసుకుని, చేతులు కడుక్కుని సూది తీసింది.